జంతుప్రయోగాలలో పూర్వనమోదు: హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్ నేపథ్యంలో ఒక పరిశీలన

కీలకపదాలు: పూర్వనమోదు, జంతుప్రయోగాలు, క్లోరోఫామ్ కమిషన్, ఎడ్వర్డ్ లారీ, పరిశోధన ప్రణాళిక.

1. ఉపోద్ఘాతం

తెలుగు శాఖలో పిహెచ్.డి.కి చేరిన విద్యార్థి తొలుత సమర్పించేది సినాప్సిస్. సిద్ధాంతగ్రంథం పూర్తయ్యేనాటికి దానిని ఎవరూ తిరిగి చూడరు. తొలి ప్రతిపాదనకూ తుది నిర్ణయానికీ మధ్య ఏమి మారిందో గ్రంథంలో కనిపించదు. జీవశాస్త్రాలలో ఇదే సమస్యకు సూచించిన పరిష్కారం పూర్వనమోదు. ప్రయోగం ఆరంభించక ముందే పరికల్పన, జంతువుల సంఖ్య, ప్రధాన ఫలితంగా దేనిని కొలుస్తారు, ఏ జంతువును లెక్కనుండి తొలగిస్తారు, గణాంక విశ్లేషణ ఎలా చేస్తారు అన్న వివరాలను తేదీతో సహా నమోదు చేయడమే దీని స్వరూపం. దీని అవసరాన్ని తెలిపే పాత ఉదాహరణ ఒకటి హైదరాబాదులోనే ఉంది.

2. క్లోరోఫామ్ కమిషన్లు

క్లోరోఫామ్ ఇచ్చినపుడు రోగి మరణిస్తే, ముందుగా ఆగేది శ్వాసా, గుండా అన్నది 19వ శతాబ్ది వైద్యులను వేధించిన ప్రశ్న. హైదరాబాద్ వైద్య పాఠశాలకు నాయకత్వం వహించిన ఎడ్వర్డ్ లారీ ఎడిన్‌బరో శస్త్రవైద్యుడు సైమ్ సంప్రదాయానికి చెందినవాడు. శ్వాసను కనిపెట్టుకొని ఉంటే చాలు, నాడిని చూడనక్కరలేదన్నది ఆ సంప్రదాయం. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వ పోషణతో 1888లో మొదటి కమిషన్ నూరుకు పైగా కుక్కలపై ప్రయోగాలు జరిపి, లారీ నమ్మకమే సరైనదని తేల్చింది. లాన్సెట్ పత్రిక అంగీకరించలేదు. దాని ప్రతినిధిని రప్పించడానికి నిజాం వెయ్యి పౌనులు ఇచ్చారు. 1889లో లండన్ నుండి వచ్చిన లాడర్ బ్రంటన్ అంతకుముందు భిన్నాభిప్రాయం కలవాడే. అయినా కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు, పిల్లులు, కుందేళ్ళు కలిపి 490 జంతువులను ఉపయోగించామనీ, గుండెకు నేరుగా ప్రమాదం లేనేలేదనీ ఆయన తంతి పంపాడు.

తీర్పు అక్కడితో నిలవలేదు. 1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ దీనిని ఖండించారు. 1911 నుండి లెవీ పిల్లులపై చేసిన ప్రయోగాలు మరొక సంగతి చూపాయి. తేలికపాటి క్లోరోఫామ్ మత్తులో ఎడ్రినలిన్ ప్రభావం తోడైతే గుండె అదుపు తప్పి హఠాత్తుగా ఆగిపోవచ్చు.

3. పూర్వనమోదు ఏమి చేయగలదు?

కమిషన్ శ్రమను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. రక్తపీడనాన్ని యంత్రంతో నమోదు చేయడం ఆ కాలానికి గొప్ప విషయమే. అయితే ఏ ఫలితం వస్తే తమ అభిప్రాయం తప్పని ఒప్పుకుంటారో ముందుగా ప్రకటించే ఆచారం ఆనాడు లేదు. నమ్మకం గలవాడే ప్రయోగకర్త, వ్యాఖ్యాత కూడా. పూర్వనమోదు ఉన్నంత మాత్రాన లెవీ గుర్తించిన స్థితి కమిషన్‌కు తట్టి ఉండేదని చెప్పలేము. ఎవరూ ఊహించని దానిని ఏ పట్టికా పట్టుకోలేదు. కాని ఏయే మోతాదులు పరీక్షించారు, వేటిని వదిలారు అన్నది తేటగా కనిపించి, "లేనేలేదు" అన్న మాటకు హద్దు ఏర్పడేది.

నేటి ప్రమాదం మరింత సాధారణమైనది. ఎల్లారెడ్డి పరిసర గ్రామాలలోని గేదెలకు ఒక కొత్త దాణా పెట్టి చూశారనుకుందాం. పాల దిగుబడి, వెన్నశాతం, బరువు, చూలు నిలిచే కాలం వంటి పది అంశాలు కొలిచారు. దాణాకు ఏ ప్రభావమూ లేకపోయినా, ఆ అంశాలు పరస్పరం స్వతంత్రమైనవైతే, 5 శాతం ప్రమాణంతో కనీసం ఒక్కటైనా "సార్థకం"గా తేలే అవకాశం దాదాపు 40 శాతం. ఆ ఒక్కదానినే వ్యాసంలో వ్రాస్తే కామారెడ్డి పాడిరైతు డబ్బు పెట్టి కొనేది యాదృచ్ఛిక ఫలితాన్నే. ప్రధాన అంశం పాల దిగుబడి అని ముందే నమోదైతే మిగిలిన తొమ్మిదింటినీ అన్వేషణగా మాత్రమే పేర్కొనవలసి వస్తుంది. వాటిని చూడకూడదని ఎవరూ అనరు.

4. భారతీయ స్థితి

మనుషులపై జరిగే ఔషధ పరీక్షలను సి.టి.ఆర్.ఐ.లో నమోదు చేయడం 2009 జూన్ 15 నుండి తప్పనిసరి. జంతుప్రయోగాలకు సంస్థాగత జంతు నైతిక సంఘం అనుమతి కావాలి. ఆ దరఖాస్తులో జాతి, సంఖ్య, దాని సమర్థన అడుగుతారు. అయితే ఆ కాగితాలు సంస్థ దస్త్రాలలోనే ఉండిపోతాయి. జర్మనీ సమాఖ్య సంస్థ బి.ఎఫ్.ఆర్. 2019లో ప్రారంభించిన జంతు అధ్యయనాల పట్టికలో ఏ దేశంవారైనా నమోదు చేసుకోవచ్చు. ఆలోచన ఎవరైనా కాజేస్తారన్న భయం ఉన్నవారు వివరాలను ఐదేళ్ళవరకు మూసి ఉంచుకునే వెసులుబాటు అందులో ఉంది. అనుమతి దరఖాస్తుకై సిద్ధం చేసిన వివరాలలో చాలాభాగం అక్కడ తిరిగి పనికివస్తాయి. అదనంగా వ్రాయవలసింది ప్రధానంగా విశ్లేషణ పద్ధతి, తొలగింపు నియమాలు. పరిశోధకులు సాధారణంగా తటపటాయించేది ఈ రెండింటి దగ్గరే.