నెట్ లేని చోట వేలికొసల కింద వెబ్‌పేజీ

‘ఆదోని పత్తి మార్కెట్’ అని తెలుగు బ్రెయిల్‌లో రాస్తే, మాటల మధ్య ఖాళీలతో కలిపి సరిగ్గా 20 గళ్లు పడతాయి. చిన్న సైజు బ్రెయిల్ యంత్రాల్లో చాలావి ఒకసారికి చూపించగలిగేది కూడా అంతే. చూపున్నవాళ్లు రెప్పపాటులో దాటిపోయే మూడు మాటలు, వేళ్లతో చదివేవారికి ఒక నిండు వరుస.

బ్రెయిల్ నోట్‌టేకర్ అంటే తెరతో పనిలేని చిన్న కంప్యూటర్. ఒక్కో గడిలోని ఆరు చుక్కలకు ఆరు మీటలు, వాటి ముందు గళ్ల వరుస. చాలా యంత్రాల్లో ఒక్కో చుక్క కింద సన్నని పట్టీ ఉంటుంది. కరెంటు తగలగానే అది వంగి, చుక్కను పైకి లేపుతుంది. వరుస చదివి మీట నొక్కితే పాత చుక్కలు దిగి కొత్తవి లేస్తాయి. న్యూజిలాండ్‌లో పుట్టిన బ్రెయిల్‌నోట్, కొరియా వారి బ్రెయిల్ సెన్స్ వీటిలో పేరున్నవి. మన దేశంలో ఐఐటీ ఢిల్లీ 2019లో డాట్‌బుక్‌ను తెచ్చింది.

సిగ్నల్ సరిగా అందని ఊళ్లో వీటితో వెబ్‌పేజీ చదవడం ఎలా? ఎమ్మిగనూరు లాంటి పట్టణంలో నెట్ ఉన్న కంప్యూటర్ మీద కావలసిన పేజీని హెచ్‌టీఎంఎల్ ఫైలుగా సేవ్ చేసుకుని, పెన్‌డ్రైవ్‌లోనో మెమరీ కార్డులోనో వేసుకుంటే చాలు. బ్రౌజర్ ఉన్న నోట్‌టేకర్‌లో ఫైళ్ల జాబితాకు వెళ్లి, ఆ ఫైలు పేరు మీద ఎంటర్ నొక్కితే పేజీ తెరుచుకుంటుంది. సేవ్ చేసేటప్పుడు ‘పూర్తి పేజీ’ అని ఎంచుకుంటే బొమ్మలతో మరో ఫోల్డర్ వచ్చి పడుతుంది. చదవడానికి అదేమీ అక్కర్లేదు. పేజీలోపలి విషయసూచిక లింకులు నెట్ లేకున్నా సాధారణంగా పనిచేస్తాయి, బయటి లింకులు మాత్రం తెరుచుకోవు.

అసలు సుఖం శీర్షికల్లో ఉంది. పొడవాటి వ్యాసాన్ని 20 గళ్ల చొప్పున తడుముకుంటూ పోవడం ఎంత శ్రమో ఊహించండి. హెచ్‌టీఎంఎల్‌లో శీర్షికలకు గుర్తులుంటే ఒకదాని నుంచి మరోదానికి నేరుగా దూకవచ్చు. ఆర్బిట్ రీడర్ 20 లాంటి చవక యంత్రాల్లో బ్రౌజర్ ఉండదు. పేజీని ముందే మామూలు టెక్స్ట్‌గానో బ్రెయిల్ ఫైలుగానో మార్చి ఇవ్వాలి.

తెలుగు పేజీ దగ్గర మరో చిక్కుంది. 1951 నాటి భారతి బ్రెయిల్ పద్ధతిలో ‘పత్తి’ రాయాలంటే ‘ప’ తర్వాత నాలుగో చుక్క, ఆపైన రెండు ‘త’లు, చివర ‘ఇ’. ఈ లెక్క యంత్రం వేయాలంటే లోపల ఉన్నవి యూనికోడ్ అక్షరాలై ఉండాలి. డీటీపీ సెంటర్లలో వాడే పాత ఫాంట్లతో కొట్టిన పాఠం కంటికి తెలుగే, యంత్రానికి మాత్రం అర్థంలేని ఇంగ్లిషు గుర్తులు. స్కాన్ చేసిన కాగితమైతే అందులో అక్షరమే లేదు, ఉన్నది ఫొటో.

చట్టం ఎప్పుడో దారి ఇచ్చింది. చూపులేనివారి కోసం పుస్తకాలను వాళ్లు చదవగల రూపంలోకి మార్చుకోవచ్చని 2012 కాపీరైట్ సవరణ చెబుతోంది. ఇదే వీలు కోసం కుదిరిన అంతర్జాతీయ మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే.

బడి నోటీసైనా, మండల ఆఫీసు ప్రకటనైనా, పత్రిక వ్యాసమైనా తెలుగులో నెట్‌లో పెట్టేవారు దయచేసి యూనికోడ్‌లోనే పెట్టండి, శీర్షికలకు గుర్తులివ్వండి, బొమ్మ కింద అదేమిటో ఒక వాక్యం రాయండి.