ఉప్పుగాలిలో పాత పికప్పు

కోనసీమ కొబ్బరితోటలలో తిరుగువారికి, ఏదో యొక పాకవెనుక, చక్రములు నేలలో కూరుకొనిపోయి, పైన ఎండుమట్టలు పడి, కోళ్లకు కాపురమైన పాతబండి యొకటి కనబడకపోదు. “ఎవరిదండీ?” యని యడిగినచో, “మా పెదనాన్నగారిదండి, ఒకప్పుడు బంగారంలా నడిచేది” యను సమాధానము వచ్చును. పాత ఇనుము కొనువాడు తూకమువేసి కొనిపోవువరకు అది యట్లే యుండును. అట్టి బండి యొకటి అంబాజీపేట చేరువ మా బంధువుల తోటలో నుండెను. దానిని మరల నడిపింపవలెనని మూడేండ్ల క్రిందట మేము మువ్వురము పూనుకొంటిమి. మాలో ఒకరు బడిపంతులు, ఒకరు కొబ్బరి వర్తకులు, ఒకరు బ్యాంకు కొలువు విరమించినవారు. చేతికి గ్రీజు అంటుట మువ్వురకును కొత్తయే. ఈ మూడేండ్లలో మేము నేర్చినదియు, చెడగొట్టినదియు ఇట్టి పనికి దిగదలచినవారికి పనికివచ్చునని తలచి యిచట చెప్పుచున్నాము.

బండి మహీంద్రావారి ఎఫ్.సి.-150 పికప్పు. దీని ఇంజను ముందునకు పొడుచుకొని రాదు. క్యాబిను లోపలనే, తోలువాని ప్రక్కన ఇనుపపెట్టె క్రింద నుండును. అందుచే మా యింటి పిల్లలు దీనికి ‘ముక్కులేని బండి’ యని పేరుపెట్టిరి. అమెరికాలోని విల్లిస్ సంస్థకై బ్రూక్స్ స్టీవెన్స్ అను రూపశిల్పి తీర్చిన ఈ బండి అచట 1957 నమూనాగా వెలువడెను. మన దేశమున మహీంద్రావారు దీని తయారీని 1965లో ఆరంభించిరి. ఆ సంస్థ 1945లో పుట్టినప్పుడు దాని పేరు ‘మహీంద్రా అండ్ మహమ్మద్’. భాగస్వామి గులాం మహమ్మద్ పాకిస్తానునకు తొలి ఆర్థికమంత్రియై వెడలిన పిమ్మట, 1948లో నేటి పేరు వచ్చినది. పొట్టిబండి, ముందరి రోడ్డు బాగుగా కనబడును. కాలువగట్లమీది యిరుకుదారులకు ఇంతకంటె తగినది లేదని మా నమ్మకము. ఇతరులు ఒప్పుకొనకపోవచ్చును.

1968లో రిజిస్టరైన మా బండి 1996 వరకు కొబ్బరికాయలు మోసినది. రోడ్డుమీదనే కాక, కోటిపల్లి రేవున పంటుపై గౌతమిని దాటియు మోసినది. ఆ యేడు నవంబరు 6వ తేదీ రాత్రి తీరము దాటిన తుపాను కోనసీమవారు మరువగలది కాదు. వేయిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. తోటలకు తోటలు నేలకొరగెను. మా బండిపై పాక కూలినది. తోటను మరల నిలబెట్టుకొనుటయే గండమైనప్పుడు బండిని తలచువారెవరు? పాకను తొలగించిరి కాని బండిని కదల్పలేదు. అది మొదలు పాతికేండ్లకు పైగా సముద్రపుగాలి తన పని తాను చేసికొనిపోయెను.

ఇనుమునకు గాలియు తడియు కలిసినచో తుప్పు పట్టును. ఇది యందరెరిగినదే. ఉప్పు తోడైనప్పుడు జరుగునది వేరు. ఉప్పునీరు విద్యుత్తును బాగుగా ప్రవహింపజేయును. తుప్పు పట్టుట యన్నదియు లోహపు ఉపరితలముపై జరుగు ఒక విద్యుద్రసాయన చర్యయే కావున, ఉప్పున్నచోట ఆ చర్య వేగిరపడును. పైగా ఉప్పు గాలిలోని తేమను తనవైపు లాగుకొనును. వాన లేని దినములందును ఇనుము తడిసియే యుండును. తుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించును గనుక, రెండు రేకుల నడుమ పుట్టిన తుప్పు వానిని పొంగించి చీల్చును. మా బండి తలుపుల అడుగుభాగములు అరిసెలవలె పొంగియుండుటకు కారణమిదియే.

ఈ సంగతి తెలియకమునుపు మేము చేసిన పని చెప్పుటకు సిగ్గగుచున్నది. తొలి వానకాలముననే ఉత్సాహముకొద్ది తుప్పును ఇనుపబ్రష్షుతో గీకి, గుంటలలో పుట్టీ నింపి, రెడ్ఆక్సైడు పూసి, పైన నీలిరంగు కొట్టితిమి. చూచినవారందరు మెచ్చుకొనిరి. సంక్రాంతి నాటికి రంగుక్రింద బుడగలు లేచెను. వేలితో నొక్కిన రేకు బిస్కత్తువలె విరిగెను. లోపల చిక్కిన ఉప్పు పైపూతను లెక్కచేయదు. చేసినదంతయు మరల గీకివేయుటకు నాలుగునెలలు పట్టెను.

కావున మొదటి పని కడుగుట. అదియు మంచినీటితో. సముద్రమునకు దగ్గరి పల్లెలలో బోరునీరే ఉప్పగా నుండును. దానితో కడిగినచో కడిగినట్లే కాదు. మేము కాలువనీరు తెచ్చి, వానలందు డాబామీది నీరు పట్టి వాడితిమి. చాసీ యొక్క ఇరుప్రక్కల బద్దీల లోపల తుపాను నాటి ఒండ్రు గట్టిపడియుండెను. దానిని కఱ్ఱపుల్లలతో తోడి, గొట్టముతో నీరుకొట్టి, ఎండబెట్టి, మరల కడిగి, ఇట్లు పదునైదు పర్యాయములు చేసితిమి. అడుగున నీరు జారుటకు తయారీవారు విడిచిన రంధ్రములు మూసుకొనిపోయియుండెను. వానిని తెరచుట రెండు నిమిషముల పని. ఆ రెండు నిమిషముల పని ఏటేట చేసియున్నచో సగము తుప్పు పట్టకుండెడిది.

చిన్న భాగములకు మేము వాడిన ఉపాయము చవుకయైనది. ప్లాస్టికు తొట్టిలో బట్టలసోడా కలిపిన నీరు పోసి, తుప్పుపట్టిన భాగమును బ్యాటరీ ఛార్జరు ఋణధ్రువమునకు, పనికిరాని ఇనుపముక్కను ధనధ్రువమునకు తగిలించి, ఒకటి రెండొకటి తగులకుండ ముంచి ఒక రాత్రి విడువవలెను. తెల్లవారునప్పటికి తుప్పు వదులై బ్రష్షుతో రాలిపోవును. మంచి ఇనుమునకు హాని లేదు. అయితే ఈ పని జరుగునప్పుడు హైడ్రోజను వాయువు పుట్టును. గాలి యాడు బయటిచోటనే చేయవలెను, నిప్పు దరిజేరనీయరాదు. ధనధ్రువమునకు స్టెయిన్‌లెస్ స్టీలు తగిలింపరాదు. దానినుండి వెలువడు క్రోమియము విషము. సోడాకు మారు వంటయుప్పు వేయుట అంతకంటె కూడదు.

తలుపుల లోపల, బ్రష్షు పోని మూలలకు మాలోని పంతులుగారు ఒక తలంపు చేసిరి. పూర్వము కరక్కాయ కషాయములో అన్నభేది కలిపి సిరా చేయుట పెద్దలెరుగుదురు. కరక్కాయలోని టానిను ఇనుముతో కలిసి నల్లని పదార్థమగును. అదియే సిరా నలుపు. నేడు బజారులో తుప్పును మార్చు ద్రవములని అమ్మువానిలో కొన్నిటియందు పనిచేయునది ఈ టానినే. కరక్కాయలు దంచి, కాచి, చల్లార్చి తలుపులలో పోసితిమి. గోధుమరంగు తుప్పు చూచుచుండగనే నీలినలుపుగా మారెను. కాని ఆ పొర పలుచనిది. దానిపై ప్రైమరు పూయకున్న నిలువదు. బయటి రేకులకు ఫాస్ఫారికామ్లపు ద్రవమే నయము. ఇంకొక మాట: పాత రంగులలో సీసముండును. దానిని పొడిగా గీకిన ధూళి యింటిలోని పిల్లలకు ప్రమాదము. నీళ్లకాగితముతో తడిపియే రుద్దవలెను.

ఇక ఇంజను. ఇది ‘హరికేన్’ అను నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను. సుమారు 2,200 ఘనసెంటీమీటర్లు, 72 గుఱ్ఱపుబలము. గాలి-పెట్రోలు లోనికివచ్చు వాల్వులు పైన హెడ్డులోను, పొగ వెడలు వాల్వులు ప్రక్కన బ్లాకులోను ఉండుట దీని విశేషము. మా బండి ఇంజను కదలక బిగిసియుండెను. తాడుకట్టి ట్రాక్టరుతో లాగుదమని పలువురు సలహా చెప్పిరి. బండిని ఇరువదియెనిమిదేండ్లు తోలిన పెద్దాయన, ఇప్పుడు ఎనుబదియేండ్లు దాటినవారు, చేతికఱ్ఱతో వచ్చి చూచి, “ఆయ్, లాగకండి బాబూ. రింగులు విరిగిపోతాయి. నూనె తాగనివ్వండి ముందు” అనిరి. ప్లగ్గులు విప్పి, కిరసనాయిలు, ఇంజనాయిలు చెరిసగము కలిపి సిలిండర్లలో పోసి, కప్పీ నట్టునకు పానా వేసి దినమున కొకమారు ఇటునటు మెల్లగా వత్తుచు వచ్చితిమి. పదునొకండవ దినమున వ్రేలెడు కదిలెను. ఇండ్లలో అటకమీది పాత వాల్వు రేడియో విషయమును ఇట్టిదే. ఏండ్ల తరువాత దానిని తటాలున కరెంటునకు తగిలించిన, ఎండిన కండెన్సర్లు పాడై తక్కినవానికిని చేటు తెచ్చును.

ఇంజను విప్పునపుడు ప్రతి యడుగును ఫోనుతో ఫొటో తీసితిమి. బోల్టులు కొబ్బరిచిప్పలలో వేసి, చిప్పకు సుద్దతో అంకె వేసితిమి. ఈ యలవాటు లేనిచో తిరిగి బిగించుట మావంటివారి తరము కాదు. ఒక భాగమును మాత్రము బాగుచేయుటకై పట్టణమున ఒక పనిశాలకు పంపితిమి. మూడునెలల తరువాత మా కార్బురేటరునకు మారు ఇంకొకటి వచ్చెను. నాటినుండి ప్రతి భాగముపై కనబడని చోట చిన్న గుర్తు చెక్కి పంపుచున్నాము.

ఇచ్చటనే మాలో తగవు పుట్టెను. వర్తకులైన మిత్రుడు, “ఈ పెట్రోలు ఇంజను తాగుడును ఎవరు భరింతురు? డీజిలు ఇంజను పెట్టించిన బండి మరల కాయలు మోయును” అనిరి. అది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. లెక్కలేనన్ని పాత జీపులు ఆ విధముననే బ్రతికినవి. తక్కిన యిద్దరము ఉన్న ఇంజనే ఉండవలెనంటిమి. మా పక్షమున చట్టముండునని తలచి కాగితములు తిరుగవేసితిమి. 2021 జూలై 15న కేంద్రప్రభుత్వము వింటేజి వాహనములకు ప్రత్యేక నియమములు ప్రకటించినది. తొలి రిజిస్ట్రేషను నుండి 50 ఏండ్లు దాటి, చాసీ, బాడీ, ఇంజను మార్పు చెందక, మూలరూపమున నున్న బండికి ‘వి.ఎ.’ అక్షరములు గల నంబరు నిత్తురు. కొత్త రిజిస్ట్రేషనునకు రుసుము 20,000 రూపాయలు, గడువు పదియేండ్లు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుటకు, మరమ్మతునకు తప్ప దినదినము తిప్పరాదు. ఇంతవరకు మాకు అనుకూలమే. కాని ఈ నియమములు ద్విచక్ర వాహనములకును, మనుష్యులు ఎక్కు నాలుగుచక్రముల బండ్లకును, అందును సొంత వాడుకవానికే వర్తించును. సరకుల బండికి అందు చోటులేదు. జమీందారుల కారు వింటేజి యగును. వారి తోటల కాయలు మోసిన బండి కాజాలదు. ఇది మాకు సమంజసముగా తోచలేదు.

సరకుల బండి రోడ్డెక్కవలెనన్న ఫిట్‌నెస్ ధ్రువపత్రముండవలెను. అది లేనిదే రిజిస్ట్రేషను చెల్లినదిగా ఎంచరు. అందుచే పూనుకొనువారు ఒక్క బోల్టు విప్పకమునుపే ఆర్.సి. వెదకి, అందలి నంబరును చాసీపై గుద్దిన నంబరుతో సరిచూచుకొనవలెనని గట్టిగా చెప్పుచున్నాము. మేము అది ఆఱునెలల తరువాత చేసితిమి. నంబరు కలిసినది, ఆర్.సి. మాత్రము గతించిన పెద్దనాన్నగారి పేరనే యున్నది. తుదకు నిర్ణయము పెద్దాయన మాటవలన జరిగెను. “ఇంజను మారిస్తే అది ఈ బండి కాదు బాబూ. నాకు దాని చప్పుడు తెలుసు” అనిరి. వర్తక మిత్రుడు మారుపలుకలేదు. పిస్టన్ల రింగుల ఖర్చు ఆయనయే భరించెను.

ప్రాణములకు సంబంధించినవి రెండు. ఒకటి పెట్రోలు ట్యాంకు. ఖాళీ ట్యాంకు నిండుదానికంటె ప్రమాదము. లోపలి ఆవిరి పేలును. దానికి వెల్డింగు తలపెట్టరాదు. నేడు బంకులలో దొరకు పెట్రోలులో నూటికి ఇరువదివంతుల వరకు ఇథనాలు ఉన్నది. అది పాత రబ్బరును తినివేయును, నీటిని పీల్చుకొనును. పెట్రోలు పంపులోని డయాఫ్రమును, గొట్టములన్నిటిని దానికి తాళు రబ్బరుతో మార్పించితిమి. రెండవది బ్రేకులు. ఆనాటి బండ్లలో నాలుగు చక్రములకును ఒకే ఆయిలు దారి. ఒక్కచోట కారిన నాలుగును పోవును. కావున ఇనుపగొట్టములు, రబ్బరులు అన్నియు కొత్తవి వేయవలెను. ఈ ఒక్క విషయమున పాతదానిపై మమకారము పనికిరాదు. పాత బ్రేకు లైనింగులలో ఆస్బెస్టాసు ఉండవచ్చును. ఆ ధూళిని గాలితో ఊదక తడిగుడ్డతో తుడువవలెను.

సరకుపెట్టె అడుగుపలకలు పడవలు చేయు వడ్రంగి యొకరు మద్దిచెక్కతో వేసి యిచ్చిరి. పలకకు పలకకు నడుమ వ్రేలిసందు విడిచిరి, నీరు నిలువకుండుటకు. కుడితలుపు ఇంకను రంగు లేకయే యున్నది.

క్రిందటి మాఘమాసమున తొలిసారి ఇంజను పలికెను. పెద్దాయనను కుర్చీలో కూర్చుండబెట్టితిమి. మేము చేతులు తట్టుచుండగా ఆయన మాత్రము నవ్వలేదు. ఇనుపపెట్టెపై అరచేయి ఆనించి, తల వంచి కొంతసేపు వినిరి. “ఆయ్, ఒకటి పలకడం లేదు. వైర్లు ఒక్కొక్కటే తీసి చూడండి” అనిరి. మొదటి ప్లగ్గు వైరు తీయగా చప్పుడు మారెను. రెండవది తీయగా మారలేదు. ఆ ప్లగ్గు విప్పి చూచితిమి; పెట్రోలుతో తడిసియుండెను.