కాఫీ గింజలు వేయించే విద్యకు పుస్తకం రాసేదెవరు?

అనంతపురం నేలలో కాఫీ తోట పండదు. ఆ చెట్టుకు కొండ చలువ కావాలి, పైన పెద్దచెట్ల నీడ కావాలి, ఏడాదికి 1,500 నుంచి 2,500 మిల్లీమీటర్ల వాన కావాలి. ఇక్కడ సగటున కురిసేది 550 మిల్లీమీటర్ల చిల్లర. అది కూడా కురిసిన ఏడు కురిసినట్టు, ఎగ్గొట్టిన ఏడు ఎగ్గొట్టినట్టు. అయినా తెల్లవారి బస్సు దిగిన రైతు మొదట వెతుక్కునేది కాఫీ హోటలునే. దేశంలో పండే కాఫీలో సుమారు 70 శాతం పొరుగున ఉన్న కర్ణాటకదే. కనుక గింజలకు కొదవలేదు. అయితే బస్తాలో వచ్చే పచ్చిగింజను నోట వేసుకుంటే పసరు రుచి తప్ప మరేమీ ఉండదు. దాన్ని కాఫీగా మార్చేది పొయ్యి, ఆ పొయ్యి దగ్గర నిలబడే మనిషి.

ఆ మనిషి విద్య ఏ కాగితం మీదా ఉండకపోవడమే విచారకరం.

బుడ్డలు వేయించినట్టే

బుడ్డలు వేయించడం తెలియని ఇల్లు ఈ ప్రాంతంలో ఉండదు. మంగలంలో ఇసుక కాగిన తర్వాత బుడ్డలు పోసి తిప్పుతూ ఉంటే ముందు పచ్చివాసన, తర్వాత కమ్మని వాసన, ఆ పైన చిటపటలు. కాస్త ఏమరితే మాడు. దించిన తర్వాత మంగలంలోనే వదిలేసినా ఆ వేడికే మాడతాయి గనుక వెంటనే చేటలో పోస్తారు. కాఫీ గింజ సంగతీ ఇంతే. కాకపోతే అది మరికాస్త మొండిది.

పచ్చిగింజలో నూటికి పది పన్నెండు పాళ్లు తేమ ఉంటుంది. ముందు అది పోవాలి. గింజ ఆకుపచ్చ నుంచి పసుపుకు, పసుపు నుంచి గోధుమరంగుకు తిరుగుతుంది. వేడి ఇంచుమించు 200 సెంటీగ్రేడు డిగ్రీలకు చేరేసరికి లోపలి ఆవిరి ఒత్తిడికి గింజ టప్పుమని చిట్లుతుంది. ఇది మొదటి చిటపట. ఇంకా కాగనిస్తే 225 డిగ్రీల ప్రాంతంలో రెండోసారి సన్నగా చిటచిటలాడి, గింజ పైకి నూనె తేలుతుంది. అది దాటితే మిగిలేది చేదే. కిలో పచ్చిగింజ వేయిస్తే 150 నుంచి 200 గ్రాములు తరుగు పోతుంది. ఈ తరుగు లెక్క తెలియక కొత్తగా కొట్టు పెట్టినవారు నష్టపోవడం కద్దు.

చేయి తిరిగినవాడు ఇదంతా చెవితోను, ముక్కుతోను పసిగడతాడు. పక్కన నిలబడి నేర్చుకోవలసిందే తప్ప అడిగితే చెప్పలేడు. కొందరు తెలిసినా చెప్పరు. ఏ గింజ ఎంత, చికోరీ ఎంత అన్నది ఇంటి గుట్టుగా దాచుకోవడం పరిపాటి. నిజానికి చికోరీ లెక్క దాచడానికి ఇప్పుడు వీలు లేదు. కలిపి అమ్మే పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గరాదని, ఏది ఎంత శాతమో పొట్లం మీద అచ్చువేయాలని నిబంధన ఉంది. కొనేవారు చూడరు, అది వేరే మాట. గుట్టు దాచిన పెద్దాయన పోతే, కొడుకు ఉద్యోగానికి పట్నం పోతే, ఆ పొయ్యి ఆరుతుంది. వీధి చివర కొట్టులో కంపెనీ పొట్లం వేలాడుతుంది.

సొంతంగా అచ్చువేసినవారు

ఇతర దేశాల్లో ఈ విద్యను కాగితం మీద పెట్టినవారు కొందరున్నారు. అమెరికాలో టీ, కాఫీ వర్తకుల పత్రిక నడిపిన విలియం యూకర్స్ పదిహేడేళ్లు సమాచారం కూడబెట్టి, 1922లో కాఫీ సమస్తం మీద ఎనిమిది వందల పుటలకు దగ్గరగా ఉన్న గ్రంథాన్ని తమ పత్రిక తరఫునే వెలువరించాడు. ఇటీవలి ఉదాహరణ స్కాట్ రావ్. 1994లో ఆంహర్స్ట్ అనే ఊళ్లో కాఫీ కొట్టు పెట్టి, గింజలు తానే వేయించి అమ్మినవాడు. ఏ ప్రచురణ సంస్థ గడపా తొక్కకుండా 2008 నుంచి పుస్తకాలు సొంతంగా అచ్చువేశాడు. 2014లో వచ్చిన పుస్తకం గింజలు వేయించడం మీదనే. సన్నని పుస్తకమే, కాని ఎన్నో దేశాల కొట్లలో పొయ్యి పక్కన చేరింది.

అందులో వాదానికి దిగినవారూ ఉన్న లెక్క ఒకటుంది. మొత్తం వేయించే సమయంలో, మొదటి చిటపట తర్వాతి భాగం నూటికి 20 నుంచి 25 పాళ్లు ఉండాలంటాడు. అంటే పన్నెండు నిమిషాల వాయిలో, తొమ్మిది, తొమ్మిదిన్నర నిమిషాల మధ్య చిటపట వినిపించాలి. గింజ వేడి పెరుగుతూనే ఉండాలి గాని, ఆ పెరిగే వేగం క్రమంగా తగ్గుతూ రావాలన్నది మరో సూత్రం. మన పొయ్యి దగ్గరి మనిషి కట్టె వెనక్కి లాగేది దీనికోసమే. ఆయన చేతికి తెలిసినదాన్ని ఈయన అంకెల్లో రాశాడు, అంతే తేడా.

సొంత అచ్చు ఈ జిల్లాకు కొత్త కాదు. 1926లో పప్పూరు రామాచార్యులు అనంతపురం నుంచి శ్రీ సాధన పత్రికను నడిపారు. యుద్ధం ఆర్థిక ప్రభావంపై రాసిన పుస్తకానికి తరిమెల నాగిరెడ్డి 1940లో జైలుకే వెళ్లారు. కాఫీ పుస్తకానికి ఆ భయం లేదు. భయమల్లా పక్క కొట్టువాడు చదివేస్తాడని!

ఆ భయం ఉత్తది కాదు. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం రాసిన మాటల మీద హక్కు రాసినవాడిదే. రిజిస్టరు చేయించకపోయినా అది చెల్లుతుంది, ఆయన తదనంతరం 60 ఏళ్ల వరకు వారసులకు ఉంటుంది. కాని వేయించే పద్ధతి మీద ఆ చట్టం హక్కు ఇవ్వదు. చదివినవాడు ఎవడైనా వేయించుకోవచ్చు. స్కాట్ రావ్ ఈ నష్టానికి సిద్ధపడే రాశాడు. తర్వాత కాఫీ వర్తకులకు సలహాలు చెప్పడమే ఆయన వృత్తి అయింది.

రాయదలచినవారికి కావలసింది మొదట ఒక నోటుపుస్తకం, గోడ గడియారం. ప్రతి వాయికీ గింజ తూకం, రంగు తిరిగిన వేళ, చిటపట వేళ, దించిన వేళ, తరుగు రాసుకుంటూ పోతే ఏడాదికి పుస్తకం సగం తయారైనట్టే. అచ్చులో 16 పుటలు ఒక ఫారం. నాలుగు ఫారాలు, అంటే 64 పుటలు ఈ విషయానికి చాలు. వెయ్యి ప్రతులు వేయించి అటకెక్కించినవారు తెలుగునాట తక్కువేమీ కాదు గనుక, మొదట రెండు వందలతో ఆగడం మేలు. పుస్తకానికి ఇచ్చే ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్యకు కేంద్ర ప్రభుత్వ సంస్థ రుసుము తీసుకోదు. 1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం వెలువడిన 30 రోజుల్లోగా కలకత్తా జాతీయ గ్రంథాలయానికి ఒకటి, చెన్నైలోని కన్నెమరా గ్రంథాలయంతో సహా మరి మూడింటికి ఒక్కొక్కటి సొంత ఖర్చుతో పంపాలి. ఆ నాలుగూ పోను మిగిలిన 196 ప్రతులను గల్లాపెట్టె పక్కన, కాఫీ పొట్లాల వరసలోనే పెట్టి అమ్ముకోవచ్చు.