మడక కర్రు మెరుపు

శింగనమల: ‘బాహుబలి’ (2015) ప్రత్యేక దృశ్యాలకు జాతీయ అవార్డు పొందింది. అలాంటి బొమ్మలను కంప్యూటర్‌తో చేసేవారికి కొత్త ఇనుము సులువే, పాత ఇనుముతోనే చిక్కు. అంతటా ఒకేలా తుప్పు రంగు పూస్తే అట్టముక్కలా కనిపిస్తుంది.

ఎందుకో ఇక్కడి మడక కర్రును చూస్తే తెలుస్తుంది. ఎర్రనేల ఇసుక రాపిడికి మొన తళతళలాడుతుంది. మట్టి తగలని పైభాగం తుప్పెక్కుతుంది. మొన అద్దంలా వెలుగును తిప్పికొడుతుంది. తుప్పుకు లోహపు మెరుపే ఉండదు. అందుకే కంప్యూటర్‌కు రంగు ఒకటే చాలదు, ఎక్కడ లోహమో, ఎక్కడ గరుకో విడివిడిగా చెప్పాలి. వాన తప్పి దుక్కి ఆగిన ఏడు మొన కూడా మసకబారుతుంది. కరువు బొమ్మలో మెరిసే కర్రు గీస్తే ఈ సీమ రైతు నవ్విపోడూ!

ట్రాక్టర్లు వచ్చాక మడకలు మూలపడ్డాయి. ఫొటోలు తీసుకోదలచిన కుర్రకారు, పాత కర్రులు తూకానికి పోకముందే రావాలి.