మీ పేపర్ మీచేతే రాయించే ట్యూటర్

ఎం.ఎస్. కోసం హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో అమెరికా చేరిన విద్యార్థిని కోడింగ్ అంతగా కంగారు పెట్టదు. పది పేజీల టర్మ్ పేపర్ పెడుతుంది. ఇంజినీరింగ్ దాకా తెలిసిన సమాధానం రాస్తే మార్కులు వచ్చేవి. ఇక్కడ సొంత వాదన నిలబెట్టాలి, ఆధారం చూపాలి, ఏ మాట ఎవరిదో చెప్పాలి. అడ్మిషన్ కోసం పంపే ఎస్ఓపీ (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) కూడా కన్సల్టెన్సీ వాళ్లే రాసిపెట్టి ఉంటే, ఆ వెలితి మొదటి సెమిస్టర్‌లోనే బయటపడుతుంది.

ఆ వెలితి పూడ్చే మంచి ట్యూటర్ కోసం ముందుగా వెతకాల్సింది క్యాంపస్‌లోనే. చాలా యూనివర్సిటీల్లో రైటింగ్ సెంటర్ ఉంటుంది, విద్యార్థులకు అది ఉచితం. ఈ సంప్రదాయం పాతదే. అయోవా యూనివర్సిటీలో రైటింగ్ ల్యాబ్ 1934లోనే మొదలైంది. ఇండియానా రాష్ట్రంలోని పర్‌డ్యూలో మ్యూరియల్ హారిస్ 1976లో మరొకటి స్థాపించారు. దాన్నుంచి 1994లో పుట్టిన ఆన్‌లైన్ విభాగం 'పర్‌డ్యూ ఔల్' ఏపీఏ, ఎంఎల్ఏ పద్ధతుల్లో మూలాలను ఎలా చూపాలో అందరికీ ఉచితంగా నేర్పుతోంది.

రైటింగ్ సెంటర్‌లో కూర్చునే ట్యూటర్ చాలాసార్లు మరో విద్యార్థే. అలాగని తక్కువగా చూడొద్దు. కాలేజ్ రీడింగ్ అండ్ లెర్నింగ్ అసోసియేషన్ గుర్తింపు పొందిన శిక్షణలో తొలి స్థాయి దాటాలన్నా కనీసం 10 గంటల శిక్షణ, 25 గంటల బోధన అనుభవం కావాలి. అపాయింట్‌మెంట్ సాధారణంగా అరగంట నుంచి గంట. ట్యూటర్ ముందు అసైన్‌మెంట్ ఏమడిగిందో చూస్తారు. మీ పేరాను మీచేతే పైకి చదివిస్తారు. 'ఇక్కడ మీరు చెప్పదలచుకున్నదేమిటి?' అని అడుగుతారు. వాదన, అమరిక కుదిరాకే వ్యాకరణం జోలికి వస్తారు. తప్పులన్నీ దిద్ది చేతికివ్వరు. చాలామంది నిరాశపడేది ఇక్కడే, కానీ అసలు మేలు జరిగేదీ ఇక్కడే. దిద్దిన పేపర్ ఒక్క గ్రేడుకే పనికొస్తుంది. దిద్దుకోవడం తెలిసిన విద్యార్థి థీసిస్ దాకా నెగ్గుకొస్తాడు.

డబ్బిచ్చి ప్రైవేటు ట్యూటర్‌ను పెట్టుకున్నా కొలమానం ఇదే. మొదటి క్లాసులో ఎవరు ఎక్కువ మాట్లాడారో, ఎవరు రాశారో గమనించండి. మీ సబ్జెక్టులో రచన ఎలా ఉంటుందో ఆయనకు తెలుసా? మీ పాత పేపర్ చూసి, పదేపదే చేస్తున్న తప్పును పట్టుకోగలిగారా? వారాలు గడిచేకొద్దీ ఆయన అవసరం తగ్గుతోందా? గ్రేడుకు గ్యారంటీ ఇచ్చేవాళ్లను, 'నేనే రాసిస్తా' అనేవాళ్లను మాత్రం దగ్గరకు రానీయొద్దు. కాలిఫోర్నియాలో టర్మ్ పేపర్లు రాసి అమ్మడం చట్టవిరుద్ధం. అలాంటి పేపర్ కొన్న విద్యార్థిని యూనివర్సిటీ సస్పెండ్ చేస్తే ఎఫ్-1 (విద్యార్థి వీసా) హోదాకే ముప్పు. ఇంట్లోవాళ్లు అప్పు చేసి పంపిన చదువును అంత ప్రమాదంలో పెట్టడం తగదు.

డెడ్‌లైన్ ముందురోజు రాత్రి దాకా ఆగొద్దు. అసైన్‌మెంట్ ఇచ్చిన వారమే, చిత్తుప్రతి సగమే ఉన్నా, దాన్ని పట్టుకుని రైటింగ్ సెంటర్‌కు వెళ్లండి. ఇంగ్లిష్ బాగా రాదని సంకోచించొద్దు. అమెరికాలో పుట్టి పెరిగిన విద్యార్థులూ అక్కడికి వస్తారు, ఎందుకంటే వాదన కట్టి రాయడం ఎవరైనా నేర్చుకోవాల్సిన పనే.