తూటా అక్కర్లేని కథ

న్యూజెర్సీలో మా అమ్మాయి దగ్గరున్న నెల రోజులూ అల్లుడిని ఒకటే పోరాను, మాడిసన్ స్క్వేర్ గార్డెన్ చూపించమని. "బాస్కెట్‌బాల్ ఎప్పట్నించి మామయ్యగారూ?" అని నవ్వుతూ న్యూయార్క్ తీసుకెళ్లాడు. తీరా నాకు కావాల్సిన గార్డెన్ అది కాదు. పాతది ఎనిమిదో అవెన్యూలో, 49, 50 వీధుల మధ్య ఉండేది. ఎప్పుడో కూల్చేశారు. అక్కడిప్పుడు పెద్ద ఆఫీసు భవనం.

1939 ఫిబ్రవరి 20 రాత్రి ఆ పాత గార్డెన్‌లో 20 వేల మందికి పైగా కూడారు. వేదిక మీద 30 అడుగుల జార్జి వాషింగ్టన్ బొమ్మ, అటూ ఇటూ నాజీ స్వస్తికలు. సభ పెట్టింది జర్మన్ అమెరికన్ బండ్ అనే నాజీ అనుకూల సంఘం. ఉపన్యాసం నడుమ విలేఖరుల వరసలో ఒకావిడ పగలబడి నవ్వింది. కాపలావాళ్లు బయటికి నడిపించారు.

ఆవిడ డొరతీ థాంప్సన్. 1931లో హిట్లర్‌ని ఇంటర్వ్యూ చేసి, ఇతగాడిలో సరుకు లేదు, నియంత కాలేడని అంచనా వేసిన పాత్రికేయురాలు. 1933లో అతను గద్దెనెక్కాడు. 1934లో ఆవిడను జర్మనీ నుంచి వెళ్లగొట్టారు. ఆ మరుసటేడే ఆవిడ భర్త, నోబెల్ రచయిత సింక్లెయిర్ లూయిస్, 'ఇట్ కాంట్ హాపెన్ హియర్' నవల తెచ్చాడు. 'మన దగ్గర అలా జరగదు' అని దాని అర్థం. జరిగితే ఎలా జరుగుతుందో లోపల ఉంటుంది.

ముప్పై ఏళ్లు కాలేజీలో చరిత్ర చెప్పినవాణ్ని. 'ఒకవేళ ఇలా కాకపోయుంటే' అని ఏ కుర్రాడైనా లేస్తే, సిలబస్‌లో లేదని కూర్చోబెట్టేవాణ్ని. రిటైరయ్యాక ఆ 'ఒకవేళ' నవలల పిచ్చే నాకు పట్టింది. అమెరికా మీద వచ్చినవి రెండు రకాలు.

ఒకటి తూటా కథ. 1933 ఫిబ్రవరి 15న మయామీలో జాంగారా అనేవాడు, అధ్యక్షుడిగా ఎన్నికై ఇంకా ప్రమాణం చేయని రూజ్‌వెల్ట్ మీద కాల్పులు జరిపాడు. గురి తప్పింది. పక్కనున్న షికాగో మేయర్ సెర్మాక్ ఆ గాయంతో పోయాడు. గురి తప్పకపోతే? ఫిలిప్ కె. డిక్ 1962లో రాసిన నవలలో రూజ్‌వెల్ట్ హత్యకు గురవుతాడు, రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ఓడుతుంది, జర్మనీ జపాన్‌లు దాన్ని పంచుకుంటాయి.

రెండోది ఓటు కథ. లూయిస్ నవలలో బజ్ విండ్రిప్ అనే నాయకుడు అందరికీ డబ్బు పంచుతానని మాటిచ్చి, 1936 ఎన్నికల్లో దర్జాగా గెలుస్తాడు. తరవాతే సొంత సేన, చట్టసభ కాంగ్రెస్ నోటికి తాళం, నిర్బంధ శిబిరాలు. ఎదురు తిరిగేది వెర్మాంట్‌లో ఓ చిన్న ఊరి పత్రికా సంపాదకుడు.

ఇందులో లూయిస్ గాలిలోంచి తీసింది తక్కువ. 1933 నాటికి పనికి సిద్ధంగా ఉన్నవాళ్లలో నలుగురికొకరు నిరుద్యోగి. బ్యాంకులు కుప్పకూలాయి. ఫాదర్ కాగ్లిన్ రేడియో ప్రసంగాలకు కోట్లలో శ్రోతలు. లూసియానా రాష్ట్రాన్ని గుప్పిట పెట్టుకున్న హ్యూయీ లాంగ్, ధనికుల ఆస్తి పేదలకు పంచుతానంటూ అధ్యక్ష పదవి మీద కన్నేశాడు. విండ్రిప్‌కి నమూనా అతనే. నవల అచ్చయ్యేలోపే, 1935 సెప్టెంబరులో, అతను తూటాకి బలయ్యాడు. మరుసటేడు ప్రభుత్వ నాటక పథకం ఈ నవలను నాటకం చేసి, ఒకే రాత్రి పలు నగరాల్లో ఆడించింది.

తూటా కథ చదివితే మనసు తేలికపడుతుంది. తప్పంతా ఒక పిచ్చివాడిది. ఓటు కథ అలా వదలదు. అందులో తప్పు వరసలో నిలబడి ఓటేసి ఇంటికొచ్చినవాడిది.

ఆ భవనం ముందు అరగంట నిలబడ్డాను. "ఇక్కడ ఏం జరిగింది మామయ్యగారూ?" అన్నాడు అల్లుడు.

"ఏం జరగలేదు నాయనా," అన్నాను. "అదే చూద్దామని వచ్చాను."