రాలిన కొమ్ము ఎవరిది?

నల్లమలలో నేల మీద దొరికే కణుజు కొమ్ము, వింత రాయి బాటసారికి ఎవరూ పట్టించుకోని వస్తువులే. కానీ అడవికి, చట్టానికి, చరిత్రకు వాటితో పని ఉంది. ఆ లెక్కలో అడవినే నమ్ముకున్న చెంచులకు మాత్రం వాటా లేదు.

వేసవి వచ్చేసరికి నల్లమలలో చెట్లు చాలా వరకు ఆకు రాల్చేస్తాయి. నల్లమద్ది, చిరుమాను, టేకు మోడుల్లా నిలబడతాయి. గడ్డి ఎండి నేలకు అంటుకుపోతుంది. వానాకాలంలో రెండడుగుల దూరంలో ఉన్నా కనిపించనివి అప్పుడు ఇరవై అడుగుల నుంచే కంటబడతాయి. ఎండుటాకుల మధ్య గోధుమ రంగులో పడి ఉన్నదాన్ని చూసి ఎవరైనా ఎండుకొమ్మే అనుకుంటారు. చేతిలోకి తీసుకుంటే బరువుగా, గరుకుగా తగులుతుంది. అది కొమ్మ కాదు, కొమ్ము.

అడవిదారిన నడిచేవారికి ఇలాంటివి కంటబడితే కలిగే సంతోషం వేరు. ఇంకాస్త ముందుకెళితే ఎండిపోయిన వాగులో నీళ్లు నునుపు చేసిన గులకరాళ్లు, ఎర్ర చారల రాళ్లు, ఎవరో పనిగట్టుకుని చెక్కినట్టుండే పలకరాళ్లు. ఒకటి సంచిలో వేసుకుంటే ఎవరికి నష్టం? జంతువును చంపలేదు, చెట్టు కొట్టలేదు. ఈ ప్రశ్నకు సమాధానం పైకి కనిపించినంత తేలిక కాదు.

ఆవుకు, మేకకు, కృష్ణజింకకు ఉన్న కొమ్ములు బతికినంత కాలం ఉంటాయి. లోపల ఎముక, పైన గోరులాంటి తొడుగు. సాంబర్ అని కూడా పిలిచే కణుజు, చుక్కల దుప్పిల సంగతి వేరు. వాటి కొమ్ము పూర్తిగా ఎముకే. మగవాటికే మొలుస్తుంది. నూగు చర్మం కింద రక్తప్రసరణతో నెలల తరబడి పెరుగుతుంది. గట్టిపడి చర్మం ఊడిపోయాక పోట్లాటకు ఆయుధమవుతుంది. జతకట్టే కాలం ముగిశాక మొదలు దగ్గర సడలి రాలిపోతుంది. ఆ చోటే మళ్లీ కొత్తది. కణుజుల్లో ఇది ఎక్కువగా వేసవిలో జరుగుతుంది. బాగా ఎదిగిన కణుజు కొమ్ము మీటరు పొడవు దాకా ఉంటుంది.

రాలిన కొమ్మును అడవి వృథా పోనివ్వదు. అందులో ప్రధానంగా ఉండేవి కాల్షియం, ఫాస్ఫరస్. ముళ్లపంది దాన్ని కొరికి తింటుంది, బొరియలోకి లాక్కుపోతుంది. కణుజులు, దుప్పులే వాటిని నమలడం కూడా కనిపిస్తుంది. ఎవరి నోటా పడని ముక్క ఎండకు, వానకు పగిలి మట్టిలో కలుస్తుంది.

పిడిగా మారాక

మనిషికీ ఈ కొమ్ముతో పాత పరిచయమే. సానరాయి మీద దుప్పికొమ్ము అరగదీసి నొప్పులకు పట్టు వేసిన రోజులు తెలుగు పల్లెల్లో పెద్దలకు గుర్తే. ఆయుర్వేదంలో శృంగ భస్మం తయారీకి ఇదే ముడిసరుకు. కణుజు కొమ్ము దళసరిగా, గట్టిగా ఉంటుంది కాబట్టి కత్తి పిడులకు పేరుపడింది. బ్రిటన్‌లోని షెఫీల్డ్, జర్మనీలోని సోలింగెన్ కత్తుల తయారీదారులు దాన్ని భారత్ నుంచి తెప్పించుకునేవారు. 1990ల చివర్లో ఆ ఎగుమతి ఆగిపోయింది.

నిషేధం వెనుక ఉన్న తర్కం సులువైనది. సహజంగా రాలిన కొమ్ము మొదలు గుండ్రంగా, గరుకు అంచుతో ఉంటుంది. చంపి తీసిన కొమ్ముకు పుర్రె ముక్క అంటుకుని ఉంటుంది, లేదా కోత గుర్తు కనిపిస్తుంది. ఆ మొదలు కోసి పారేసి పిడిగానో గుండీగానో చెక్కాక ఏది రాలిందో, ఏది వేటాడి తెచ్చిందో చెప్పడం కష్టం. రాలినవాటికి మార్కెట్ ఉంటే ఉచ్చు పన్నేవాడి సరుకూ అదే దారిలో అమ్ముడవుతుంది.

దేశంలో అటవీ చట్టాలకు పునాది అనదగిన 1927 నాటి భారత అటవీ చట్టం కొమ్ము, ఎముక, దంతాలనే కాదు, రాళ్లను, పైమట్టిని కూడా అటవీ ఉత్పత్తుల కిందే లెక్కగట్టింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం జింక కొమ్మును గోరు, దంతాల సరసన చేర్చింది. అభయారణ్యం నుంచి అనుమతి లేకుండా దేన్నీ తరలించకూడదని చెప్పింది. 2014లో రాష్ట్ర విభజన తర్వాత నల్లమల పులుల అభయారణ్యం ఆంధ్రప్రదేశ్‌లో నాగార్జునసాగర్-శ్రీశైలం, తెలంగాణలో అమ్రాబాద్‌గా రెండయింది. సరుకు విషయంలో రెండుచోట్లా నియమం ఒకటే. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళుతూ మన్ననూరు దాటాక కారు ఆపి అడవిలోకి నాలుగడుగులు వేసే పర్యాటకుడికి ఈ సంగతి తెలియకపోవచ్చు. తెలియకపోయినా నేరం నేరమే.

అసలు చిక్కు అక్కడే నివసించే చెంచులది. 2006 అటవీ హక్కుల చట్టం వారికి తేనె, మైనం, వెదురు వంటి చిన్నతరహా ఫలసాయంపై యాజమాన్య హక్కు ఇచ్చింది. కానీ ఆ నిర్వచనం మొక్కల నుంచి వచ్చేవాటి చుట్టూనే తిరుగుతుంది. సంప్రదాయ హక్కుల జాబితా చివర చట్టం ఒక గీత గీసింది. వేటాడే, వన్యప్రాణి శరీర భాగాన్ని తీసుకునే హక్కు అందులో ఉండదు. అంటే చెంచు కుటుంబం చెట్టెక్కి తేనె తీస్తే హక్కు. దిగివస్తూ కింద పడి ఉన్న కొమ్మును ఇంటికి తెస్తే ఆ హక్కు తోడు రాదు. వేటను అడ్డుకోవడానికి గీసిన గీత, వేటతో సంబంధం లేని చేతికీ అడ్డుపడుతోంది.

ఎక్కడ దొరికిందన్నదే కీలకం

రాళ్ల కథ ఇంకా పాతది. నల్లమల కొండల్లోని క్వార్ట్‌జైట్ వయసు వంద కోట్ల సంవత్సరాలకు పైమాటే. గట్టిగా ఉండి, పదునైన అంచుతో పగిలే ఈ రాయే ఆదిమానవుడి పనిముట్టు. 1863లో మద్రాసు దగ్గర పల్లవరంలో పాతరాతియుగపు పనిముట్టును గుర్తించిన రాబర్ట్ బ్రూస్ ఫుట్, 1880లలో కర్నూలు ప్రాంతంలోని బిల్లసర్గం గుహల్లో తవ్వకాలు జరిపారు. కాబట్టి ఇక్కడ వాగులో దొరికిన పలకరాయి ఒక్కోసారి వట్టి రాయి కాదు.

ఆ రాయి ఎక్కడ ఉందన్నది ఎంత ముఖ్యమో నల్లమలకు పడమరన ఉన్న జ్వాలాపురం చెబుతుంది. ఇండొనేషియాలోని టోబా అగ్నిపర్వతం సుమారు 74,000 ఏళ్ల కిందట పేలినప్పుడు ఎగసిన బూడిద అక్కడ పొరగా పేరుకుంది. ఆ పొర కిందా, పైనా ఒకే తరహా రాతి పనిముట్లు దొరికాయి. అంత ఉత్పాతంలోనూ ఇక్కడి మనుషులు కొనసాగారని 2007లో సైన్స్ పత్రికలో పరిశోధకులు వాదించారు. వారి వాదనకు బలం రాయి అందం కాదు, అది పడి ఉన్న చోటు. అదే పనిముట్టు ముందే ఎవరి సంచిలోనైనా చేరి ఉంటే అది అలమరాలో బొమ్మగానే మిగిలేది.

వయోమింగ్ పద్ధతి

ఏరుకోవడాన్ని పూర్తిగా కాదనని దేశాలూ ఉన్నాయి. అమెరికాలో రాలిన కొమ్ముల కోసం కొండలెక్కడం పెద్ద వ్యాపకం. వయోమింగ్ రాష్ట్ర పశ్చిమ భాగంలో ప్రభుత్వ భూముల్లో జనవరి 1 నుంచి ఏప్రిల్ 30 వరకు ఏరడం నిషిద్ధం. చలికాలంలో చిక్కిపోయిన జంతువులను బెదరగొట్టి పరుగెత్తిస్తే అవి ప్రాణాలు కోల్పోతాయన్నది కారణం. 2024 నుంచి స్థానికులకు ఒక వారం ముందు అవకాశమిస్తున్నారు. జాక్సన్ దగ్గరి జాతీయ ఎల్క్ సంరక్షణ కేంద్రంలో స్కౌట్ పిల్లలు అనుమతితో కొమ్ములు ఏరుతారు. మే నెలలో వాటిని వేలం వేసి, వచ్చిన సొమ్ములో ఎక్కువ భాగాన్ని ఆ కేంద్రానికే ఇస్తారు. శిలగా మారిన కలపను కొన్ని సమాఖ్య భూముల్లో సొంతానికి రోజుకు 25 పౌండ్ల వరకు తీసుకోవచ్చు. పక్కనే ఉన్న ఎల్లోస్టోన్ జాతీయ పార్కులో మాత్రం ఏదీ ముట్టుకోకూడదు.

ఉచ్చుల బెడద ఉన్న నల్లమలకు ఆ వేలంపాట పనికిరాదు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎవరి మేలు కోసం అన్న స్పష్టత మాత్రం అరువు తెచ్చుకోదగ్గదే. ఆ స్పష్టతకు కావలసిన మనుషులు ఇక్కడే ఉన్నారు. పులుల జాడ తీసే పనిలో చెంచులు అటవీశాఖకు ఎంతో కాలంగా అండగా ఉన్నారు. వారికి రాలిన కొమ్ము ఒక సమాచారం. మొదలు గరుకుగా, నిండుగా ఉంటే ఆ దారిన ఒక మగ కణుజు బతికి వెళ్లిందని అర్థం. కణుజు ఉంటే పెద్దపులికి తిండి ఉన్నట్టే. పుర్రె ముక్క అంటుకుని ఉంటే వెతకాల్సింది వేటగాడి కోసం. కొమ్మును పట్టుకున్న చెంచును నేరస్థుడిగా చూసే బదులు, చూసింది చూసినట్టు చెప్పిన చెంచుకు కూలి, గౌరవం దక్కితే అడవికే లాభం.

నేల మీద ఉన్నంత వరకే కొమ్ము ఈ తేడా చెప్పగలదు. మొదలు కోసి, పాలిష్ పెట్టి డ్రాయింగ్‌రూమ్ గోడకు బిగించాక రెండూ ఒకేలా ఉంటాయి.